ఆపకూడని బిళ్ల, తగ్గించాల్సిన బిళ్ల

పోయిన నెల ఒక రాత్రి పది దాటాక మా బావగారు ఫోన్ చేశారు. నా చెల్లెలి భర్త ఆయన. కోనసీమలోనే, మా ఊరికి అయిదు మైళ్ల దూరంలో ఉంటారు.

“బావగారూ, వాట్సాప్‌లో వచ్చింది చూశారాండి? జర్మనీలో లూపస్‌ని మొత్తం తగ్గించేశారంట. ఒక్కసారి రక్తంలోకి ఎక్కిస్తే చాలంట, ఇంక బిళ్లలే అక్కర్లేదంట. అర ఎకరం కొబ్బరితోట బేరం పెట్టేద్దామండి” అన్నారు.

నాకు వెంటనే మాట రాలేదు. లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. అది ఉన్న మా చెల్లిని పన్నెండేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిప్పుతున్న మనిషి. ఆయన గొంతులో అంత సంతోషం విని చాలా కాలమైంది. “తోట మాట ఇంకెవరితోనూ అనకండి. ఆదివారం వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం” అని పెట్టేశాను. ఆదివారం వెళ్లాను. అక్కడ చెప్పినవీ, సగంలో ఆగిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాది కాలవ గట్టు మీద మందుల షాపు. డి.ఫార్మసీ చదివి ఇరవై రెండేళ్లుగా అదే పని. డాక్టర్ని కాను. అయితే మా చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరు ఏ బిళ్ల వాడుతున్నారో, ఎప్పుడు మానేశారో డాక్టరు కంటే ముందు నాకు తెలుస్తుంది. చెల్లికి జబ్బు వచ్చినప్పటి నుంచి లూపస్ మీద వచ్చే పరిశోధనలను పట్టుబట్టి చదువుతున్నాను. చదివిన దాంట్లో నాకు గట్టిగా తోచింది ఒకటుంది. స్టెరాయిడ్ బిళ్లను ఎంత తొందరగా తగ్గించగలిగితే అంత మంచిది, హైడ్రాక్సీక్లోరోక్విన్ (హెచ్‌సీక్యూ) బిళ్లను మాత్రం ఆపొద్దు. ఈ పదిహేనేళ్ల పరిశోధన లూపస్ రోగికి చెబుతున్నది ముందుగా ఇదే. కౌంటర్ వెనక నుంచి నేను రోజూ చూస్తున్నది దీనికి తలకిందులు. మా వైపు ఆపకూడనిది ఆపేస్తున్నారు, తగ్గించాల్సింది ఏళ్ల తరబడి మింగుతున్నారు. జర్మనీ వైద్యం మన దాకా వచ్చేలోపు ఈ ఒక్కటి సరిచేసుకుంటే చాలామంది ఆడపిల్లల కిడ్నీలు దక్కుతాయి.

చెల్లికి 2012 చివర్లో మొదలైంది. అప్పుడు దానికి ఇరవై నాలుగేళ్లు, ఊళ్లో కాన్వెంటులో పాఠాలు చెప్పేది. పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుపోయేవి, జడ వేసుకోవడానికి కూడా అమ్మ సాయం కావాల్సి వచ్చేది. “గన్యా తాలూకు నొప్పులే” అంది అమ్మ. 2006లో చికున్‌గున్యా మా ఊళ్లను మంచాన పడేసిన తర్వాత, ఏ కీలు నొప్పి వచ్చినా దాని ఖాతాలోనే వేస్తారు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లి రోజంతా ఎండలో తిరిగొచ్చింది. రెండు రోజులకు ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ మచ్చ పాకింది. పుస్తకాల్లో ఆ మచ్చ ఎర్రగా సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుందని రాస్తారు, ఆ బొమ్మలు తెల్లవాళ్ల ముఖాలవి. మన చామనఛాయ మీద అది ముదురు రంగులో, నల్లబడినట్టు కనిపిస్తుంది. అందుకే అందరూ “మంగు” అన్నారు. నేనే షాపులోంచి ఒక క్రీమ్ తీసిచ్చాను. నోట్లో పుళ్లు పడితే వేడి చేసిందని కొబ్బరినీళ్లు, సబ్జా గింజలు. దువ్వెన నిండా జుట్టు వస్తుంటే బోరు నీళ్ల ఉప్పు. ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు ఉండేది. విడివిడిగా చూస్తే అవి మామూలు రోజుల్లో సరైన జవాబులే. అన్నీ ఒకే మనిషికి, ఒకే ఏడాదిలో వస్తున్నాయని కలిపి చూసినవాళ్లు మాలో లేరు.

తర్వాత కాళ్లు వాచాయి. గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే మొదట తట్టేది బోదకాలు. ఆ క్రిములు రాత్రివేళే రక్తంలో తిరుగుతాయి కాబట్టి రాత్రిపూట రక్తం తీసి పరీక్షించారు. ఏమీ లేదన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. బోదకాలు ఎక్కువగా ఒక కాలినే పట్టుకుంటుంది. చెల్లికి రెండు కాళ్లూ ఒకేలా వాచాయి, పొద్దున్న కళ్ల కింద కూడా ఉబ్బు ఉండేది. ఆ తేడా ఏమిటో ఇప్పుడు చెప్పగలుగుతున్నాను, అప్పుడు తెలియలేదు.

ఈ లోపల మా ఊరి ఆర్‌ఎంపీ గారు పొట్లాలు ఇస్తుండేవారు. మూడు రకాల బిళ్లలు కలిపి కాగితంలో మడిచి, పూటకొకటి. వేసుకున్న రెండో రోజుకి నొప్పులు పోయేవి, జ్వరం పోయేది, చెల్లి లేచి తిరిగేది. “ఆయన చెయ్యి మంచిది” అనుకునేవాళ్లం. పొట్లం అయిపోయిన వారానికి మళ్లీ మొదలు. అందులో చిన్న తెల్ల బిళ్ల ఒకటి ఉండేది, డెక్సామెథాసోన్. అది స్టెరాయిడ్. 0.75 మిల్లీగ్రాముల డెక్సా, లూపస్‌కి మామూలుగా ఇచ్చే స్టెరాయిడ్ అయిన ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములతో సమానం. ఆ బిళ్లలు ఆయనకు అమ్మింది నేనే. నా షాపులోంచి వెళ్లిన బిళ్ల నా చెల్లి జబ్బుని పద్నాలుగు నెలలు కప్పిపెట్టింది. లూపస్‌లో వాపుని స్టెరాయిడ్ కొంత అణుస్తుంది, దాంతో తగ్గిందనిపిస్తుంది. అరకొర మోతాదుకి లోపల కిడ్నీలో మంట ఆగదు.

కాకినాడలో ఒక పెద్ద వయసు ఫిజీషియన్ ఉండేవారు. ఆయన కాళ్లు నొక్కి చూసి, చెల్లిని అడిగింది ఒక్కటే. “అమ్మా, మూత్రం పోసినప్పుడు నురుగు వస్తోందా?” చెల్లి తల వంచుకుని “ఆరు నెలల నుంచండి” అంది. ఆరు నెలలు. అన్నయ్యకి మందుల షాపు ఉంది, రోజూ కనిపిస్తాడు, అయినా ఆ మాట అన్నయ్యతో ఎలా చెబుతుంది? అమ్మకి చెబితే నీళ్లు తక్కువ తాగుతున్నావంది. ఆయన అక్కడే మూత్రంలో ఒక స్ట్రిప్ ముంచారు. పసుపు గడి నిమిషంలో ముదురు ఆకుపచ్చ అయింది. ఒంట్లోని ప్రొటీన్ కిడ్నీ జల్లెడలోంచి కారిపోతోందని దానర్థం. ఏఎన్‌ఏ, డీఎస్ డీఎన్‌ఏ, సీ3, సీ4 అనే రక్తపరీక్షలన్నీ ఆ తర్వాత చేయించాం. హైదరాబాద్‌లో కిడ్నీ ముక్క తీసి పరీక్షించారు, నాలుగో తరగతి లూపస్ నెఫ్రైటిస్, అంటే లూపస్ వల్ల కిడ్నీలో పుట్టిన మంట అని తేలింది. ఇంత పెద్ద నిర్ధారణకు తలుపు తీసింది కొన్ని రూపాయల స్ట్రిప్.

ఈ జబ్బు ఏమిటో మా ఇంట్లో చెప్పడానికి కంచే చేను మేసినట్టు అన్నది సరిపోయింది. ఒంటికి కాపలా ఉండాల్సిన రోగనిరోధక శక్తి మన కణాల్లో ఉండే డీఎన్‌ఏ మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ యాంటీబాడీల ముద్దలు కాలవ తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకున్నట్టు కిడ్నీ జల్లెడలో పేరుకుంటాయి. అక్కడ మంట పుడుతుంది. ఎండ తగిలితే చర్మ కణాలు దెబ్బతిని లోపలి సరుకు బయటపడుతుంది, దానితో జబ్బు రేగుతుంది. అంతర్వేది ఎండ చేసింది అదే.

రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లు, అందులోనూ ఎక్కువమంది పదిహేనుకీ నలభై అయిదుకీ మధ్య వయసువాళ్లు. అంటే పెళ్లి, కాన్పులు, అత్తవారిల్లు అన్నీ ఉండే వయసు. చెల్లిని అత్తవారి తరఫు పెద్దావిడ ఒకరు “పెళ్లికి ముందే ఉండి ఉంటది, దాచి కట్టబెట్టారు” అన్నారు. మరొకరు జాతకం చూపించమన్నారు. ఆ మాటలు చెల్లిని నొప్పుల కంటే ఎక్కువ కుంగదీశాయి. అందుకే 2024 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్ నుంచి హోవర్డ్ చాంగ్ బృందం పరిశోధన వచ్చినప్పుడు నేను దాన్ని తెలుగులో రాసుకుని మరీ వాళ్లింటికి తీసుకెళ్లాను. ఆడవాళ్ల ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. ఒకదాన్ని నిద్రపుచ్చడానికి జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ దాని చుట్టూ చుట్టుకుంటుంది, దానికి ఎన్నో ప్రొటీన్లు అతుక్కుంటాయి. ఆ అతుక్కున్న ముద్దల మీదే శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటోందని వాళ్లు చూపించారు. లూపస్ లాంటి జబ్బుకి లొంగే జాతి మగ ఎలుకల్లో ఆ జిస్ట్ తయారయ్యేలా చేసి, జబ్బు రేపే మందు ఎక్కిస్తే, వాటికీ ఆడ ఎలుకల స్థాయిలో జబ్బు వచ్చింది. 2022లో ఇంకో బృందం ఒక స్పెయిన్ అమ్మాయిలో టీఎల్‌ఆర్7 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు లూపస్‌కి కారణమని పట్టుకుంది. ఆ జన్యువు ఉండేది కూడా ఎక్స్ క్రోమోజోము మీదే. 2025 చివర్లో మళ్లీ స్టాన్‌ఫర్డ్ వాళ్లే ఎప్‌స్టీన్ బార్ వైరస్ గురించి రాశారు. చిన్నప్పుడే దాదాపు అందరికీ సోకి జీవితాంతం దాక్కుని ఉండే వైరస్ అది. యాంటీబాడీలు తయారుచేసేవి బీ కణాలు. ఆరోగ్యవంతుల్లో ఈ వైరస్ దాగిన బీ కణాలు పదివేలకు ఒకటి కంటే తక్కువ, లూపస్ రోగుల్లో సుమారు నాలుగు వందలకు ఒకటి. ఈ ముక్కలన్నీ కలిసి ఒక పూర్తి బొమ్మ కావడానికి ఇంకా టైం పడుతుంది. అయినా ఆ పెద్దావిడకి ఇవ్వాల్సిన జవాబు ఇందులో ఉంది. మా చెల్లి చేసిన తప్పేమీ లేదు, మేం దాచిందీ లేదు.

ఇక బిళ్లల సంగతి.

స్టెరాయిడ్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కార్టిసోన్ మీద పని చేసినందుకు హెంచ్, కెండల్, రైఖ్‌స్టీన్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ ఇచ్చారు, అది ఊరికే ఇవ్వలేదు. 1955 నాటి లెక్కల ప్రకారం లూపస్ తేలిన వాళ్లలో నాలుగేళ్లకు సగం మందే బతికున్నారు. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట అయిదేళ్లకు వందలో తొంభై మందికి పైగా బతుకుతున్నారు. చెల్లికి 2014 జనవరిలో మూడు రోజులు వరసగా సెలైన్‌లో పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఎక్కించారు. అది లేకపోతే కిడ్నీలు ఆ నెలలోనే పోయేవేమో. దానితో పాటు పదిహేను రోజులకొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరుసార్లు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చారు.

తర్వాత రోజుకి 50 మిల్లీగ్రాములతో ప్రెడ్నిసొలోన్ బిళ్లలు మొదలుపెట్టి, చాలా నెమ్మదిగా తగ్గించారు. అప్పట్లో పద్ధతి అదే. రెండేళ్లయినా 15 దగ్గరే ఉంది. చెల్లి ముఖం గుండ్రంగా అయింది. ఊళ్లో వాళ్లు “ఒళ్లు చేశావమ్మా, ఇప్పుడు బాగున్నావు” అనేవారు. ఆ మాటకి అది ఇంట్లోకొచ్చి ఏడ్చేది. సుగర్ వచ్చింది. 2019లో ఎడమ తుంటి నొప్పి మొదలైంది. ఎంఆర్‌ఐలో తొడ ఎముక పైనుండే బంతికి రక్తం అందక చచ్చిపోతోందని కనిపించింది. పెద్ద మోతాదు స్టెరాయిడ్లతో వచ్చే దెబ్బల్లో ఇదొకటి. ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు కుడికాలు ముందు వేస్తుంది.

మన చెల్లెళ్లకి, కూతుళ్లకి ఈ దెబ్బ తగలకుండా చూడడమే ఈ పదేళ్లలో పరిశోధకులు ఎక్కువగా పట్టుబట్టిన విషయం. యూరప్ కీళ్లవ్యాధుల డాక్టర్ల సంఘం 2019లో రోజువారీ ప్రెడ్నిసొలోన్ 7.5 మిల్లీగ్రాములకు మించకుండా ఉండాలంది, 2023లో ఆ గీతను 5కి దించింది. అమెరికా సంఘం 2024లో ప్రకటించిన నెఫ్రైటిస్ మార్గదర్శకాల్లో మొదట సెలైన్‌లో ఇచ్చాక బిళ్లలు కిలో బరువుకి అర మిల్లీగ్రాము లోపే మొదలుపెట్టి, ఆరు నెలల్లో 5కి చేర్చమంది. వోక్లోస్పోరిన్ అనే కొత్త మందు ప్రయోగంలో 357 మందికి నాలుగో నెల నాటికే స్టెరాయిడ్‌ని 2.5 మిల్లీగ్రాములకు తెచ్చారు. కొత్త మందు వేసుకున్నవాళ్లలో 41 శాతానికి, వేసుకోనివాళ్లలో 23 శాతానికి కిడ్నీ పూర్తిగా కుదుటపడింది. చెల్లికి రెండేళ్లకు కూడా 15 దగ్గర ఆగిపోయిన బిళ్లను అక్కడ నాలుగు నెలల్లో రెండున్నరకి తీసుకొచ్చారంటే, చదువుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్ చెడ్డదని చదివి రేపటి నుంచి మానేయకండి. నెలల తరబడి ఆ బిళ్ల వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రాన్స్‌లో 2020లో వచ్చిన ఒక ప్రయోగం కూడా గుర్తుంచుకోవాలి. జబ్బు నెమ్మదించి రోజుకి 5 మిల్లీగ్రాముల మీద ఉన్న 124 మందిలో సగం మందికి బిళ్ల ఆపేశారు, సగం మందికి కొనసాగించారు. ఏడాదిలో ఆపినవాళ్లలో 27 శాతానికి జబ్బు తిరగబెట్టింది, కొనసాగించినవాళ్లలో 7 శాతానికే. కాబట్టి దీన్ని తగ్గించాల్సిన బిళ్ల అంటున్నాను. ఎంత, ఎప్పుడు అన్నది మీ డాక్టరు మూత్రం, రక్తం పరీక్షలు చూసి చెప్పాలి. పొట్లంలో ఏం ఉందో తెలియకుండా వాడేవాళ్లకు తగ్గించే దారే లేదు. అందుకే పొట్లాల మీద నాకంత బాధ.

ఆదివారం బావగారింట్లో అరుగు మీద కూర్చున్నాం. జర్మనీ సంగతి నాకు తెలిసినంత చెప్పాను. అది అబద్ధం కాదు. ఎర్లాంగెన్ అనే ఊళ్లో గెయోర్గ్ షెట్ బృందం 2021లో ఇరవై ఏళ్ల అమ్మాయికి మొదటిసారి చేసింది. రోగి రక్తంలోంచి టీ కణాలు అనే రోగనిరోధక కణాలు తీసి, బీ కణాల మీదుండే సీడీ19 అనే గుర్తుని పట్టుకునేలా వాటిని మార్చి, తిరిగి ఎక్కిస్తారు. దీన్ని కార్-టీ అంటారు. అవి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్ని ఏరి చంపుతాయి. కొన్ని నెలలకు కొత్త బీ కణాలు పుడతాయి, వాటికి పాత పగ ఉండదు. 2024 ఫిబ్రవరిలో పదిహేనుమంది ఫలితాలు అచ్చయ్యాయి, అందులో ఎనిమిది మంది లూపస్ వాళ్లు. ఎనిమిది మందికీ జబ్బు సద్దుమణిగింది, స్టెరాయిడ్‌తో సహా రోగనిరోధక శక్తిని అణిచే మందులన్నీ ఆపేశారు. ఇది చదివినప్పుడు నేనూ బావగారిలాగే రాత్రంతా నిద్రపోలేదు.

“మరి ఇంకేంటండి?” అన్నారు ఆయన.

ఎనిమిది మందే అన్నాను. ఒకే ఆసుపత్రి. పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేదు. కణాలు ఎక్కించే ముందు కీమో ఇస్తారు, తర్వాత ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది. మన దేశంలోనూ ఐఐటీ బాంబేలో పుట్టిన కార్-టీకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, కానీ అది రక్త కేన్సర్లకు. దాని ఖర్చే పదుల లక్షల్లో ఉంది. పెద్ద ప్రయోగాలు జరుగుతున్నాయి, జరగాలి, వాటి ఫలితాల కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. కానీ ఆ ఎనిమిది మందీ ఎవరు? ఉన్న మందులన్నీ వాడినా లొంగనివాళ్లు. “మన చెల్లికి మందులు పనిచేస్తున్నాయి బావగారూ. నాలుగేళ్లుగా మూత్రం బాగుంది. ఇప్పుడు వాడుతున్నవి మానకుండా వాడితే చాలు.”

చెల్లి గుమ్మంలో నిలబడి వింటోంది. దాని ముఖం చూసి నాకు అనుమానం వచ్చింది. “హెచ్‌సీక్యూ వేసుకుంటున్నావు కదమ్మా?” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. “సంక్రాంతి దగ్గర్నుంచి మానేశాను అన్నయ్యా. అది వాడితే కళ్లు పోతాయని మా తోడికోడలు వాళ్లమ్మాయి ఫోన్‌లో చూపించింది. కాళ్లు ఎలాగూ సగం పోయాయి, కళ్లు కూడా పోతే పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?”

నేను కోప్పడలేదు. కోప్పడే హక్కు నాకు లేదు. పన్నెండేళ్లలో స్ట్రిప్పులు తీసుకెళ్లి ఇచ్చాను గానీ, ఆ బిళ్ల ఏం చేస్తుందో, కళ్ల సంగతి ఎంతవరకు నిజమో ఒక్కసారి కూడా కూర్చోబెట్టి చెప్పలేదు. పైగా ఆ వారం స్టాకు రాలేదేమోననుకున్నానే తప్ప చెల్లి అడగడం మానేసిందని గమనించలేదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదట మలేరియా మందు. లూపస్‌కి 1955 నుంచీ వాడుకలో ఉంది. అంత పాత, అంత చవక మందు కాబట్టే దానికి విలువ లేకుండా పోయిందని నాకనిపిస్తుంది. నొప్పి వెంటనే తగ్గించదు, పనిచేయడానికే రెండు మూడు నెలలు పడుతుంది. మానేసిన మర్నాడు ఏమీ అవదు, వారానికీ అవదు. అందుకే జనం దీన్నే ముందు మానేస్తారు. 1991లో కెనడాలో దీని మీద ఒక ప్రయోగం జరిగింది. జబ్బు నిలకడగా ఉండి ఈ బిళ్ల వాడుతున్న 47 మందిని తీసుకుని, కొందరికి బిళ్ల కొనసాగించారు, కొందరికి అలాగే కనిపించే ఉత్త బిళ్ల ఇచ్చారు. ఆరు నెలల్లో ఉత్త బిళ్ల వాళ్లకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ఇప్పటి ప్రధాన మార్గదర్శకాలు, వద్దనడానికి ప్రత్యేక కారణం లేకపోతే లూపస్ ఉన్న అందరికీ ఇది ఉండాలనే చెబుతున్నాయి. గర్భంతో ఉన్నా ఆపకూడదు. 2018లో చెల్లికి బాబు పుట్టినప్పుడు అప్పటిదాకా వాడుతున్న మైకోఫెనొలేట్ అనే మందును ముందే మార్చి అజాథయోప్రిన్ ఇచ్చారు, ఎందుకంటే మైకోఫెనొలేట్ కడుపులో బిడ్డకు చేటు చేస్తుంది. హెచ్‌సీక్యూని మాత్రం తొమ్మిది నెలలూ ఉంచారు. కొందరు తల్లుల్లో ఉండే ఒక రకం యాంటీబాడీ వల్ల బిడ్డ గుండె కొట్టుకోవడంలో అడ్డు ఏర్పడుతుంది. ముందు కాన్పులో అలా జరిగిన తల్లులకు మళ్లీ జరిగే అవకాశం 18 శాతం దాకా ఉండేది, ఈ బిళ్ల వాడితే 7.4 శాతానికి తగ్గిందని 2020లో తేలింది.

కళ్ల భయం ఉత్తదని నేను అనను. ఈ మందు ఏళ్ల తరబడి వాడితే కంటి వెనక రెటీనాకి దెబ్బ తగలొచ్చు. అది మోతాదు మీద ఆధారపడుతుంది. రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకపోతే మొదటి అయిదేళ్లలో ప్రమాదం ఒక శాతం లోపు, పదేళ్ల వరకు రెండు శాతం లోపు. ఇరవై ఏళ్లు దాటితే ఇరవై శాతం దగ్గరికి వెళ్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. అందుకే మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా ఓసీటీ అనే రెటీనా స్కాన్, చూపు పరిధి పరీక్ష చేయించాలి. చూపు మందగించకముందే ఆ పరీక్షల్లో తేడా కనిపిస్తుంది. మన ఆడవాళ్లు చాలామంది యాభై కిలోల లోపే ఉంటారు, వాళ్లకి 400 మిల్లీగ్రాములు ఎక్కువ. మీ బరువు ఎంతో, మీ మోతాదు ఎంతో ఈ వారమే లెక్క చూసుకుని డాక్టర్ని అడగండి. సొంతంగా సగం చేసుకోవద్దు, తక్కువైతే జబ్బు రేగుతుంది.

ఈ బిళ్లకు 2020లో జరిగింది కూడా చెప్పాలి. మార్చి నెలాఖరున కరోనా రాకుండా వైద్య సిబ్బంది హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పగానే మా షాపుకి మోటారు సైకిళ్ల మీద జనం వచ్చారు. వైద్య సిబ్బంది కాదు, రొయ్యల చెరువుల వాళ్లు, వ్యాపారస్తులు, ఊరి పెద్దలు. “ఎంతైనా పర్లేదండి, పది స్ట్రిప్పులు ఇవ్వండి” అని. నేను చెల్లికీ, నాకు తెలిసిన ఇంకో ఇద్దరు లూపస్ అమ్మాయిలకీ సరిపడా తీసి ఇంట్లో బీరువాలో పెట్టి, లేవని చెప్పాను. కొందరికి ఇప్పటికీ నా మీద కోపమే. మార్చి 26న ప్రభుత్వం దాన్ని చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశం ఇచ్చింది. జూన్‌లో ఇంగ్లండ్ ప్రయోగంలో ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు అది పనికిరాదని తేలింది. అంతటితో కథ ముగియలేదు. ఆ గొడవలో “గుండె ఆగిపోతుంది”, “కళ్లు పోతాయి” అన్న వీడియోలు అలాగే ఉండిపోయాయి. ఆరేళ్ల తర్వాత మా చెల్లి చేత బిళ్ల మాన్పించినవి అవే.

కొత్త మందుల గురించి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి క్లుప్తంగా. 2011లో బెలిముమాబ్ వచ్చింది, అర్ధ శతాబ్దం తర్వాత లూపస్ కోసమే అనుమతి పొందిన మొదటి మందు. 448 మంది నెఫ్రైటిస్ రోగుల్లో రెండేళ్లకు అది 43 శాతానికి పనిచేస్తే, అది లేకుండా మామూలు వైద్యం 32 శాతానికి పనిచేసింది. 2021లో అనిఫ్రోలుమాబ్. ఒబినుటుజుమాబ్ 2025లో. 271 మంది నెఫ్రైటిస్ రోగుల ప్రయోగంలో అది వేసుకున్నవాళ్లలో 46 శాతానికి, వేసుకోనివాళ్లలో 33 శాతానికి ఫలితం వచ్చింది. నిజమైన మేలే, కానీ సగం మందికి కూడా పూర్తి ఫలితం రావడం లేదు, మా ఊళ్లలో ఎవరూ మోయలేని ఖర్చు. మన చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో చేసిన పని మనకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. వంద మంది రోగుల్లో తక్కువ మోతాదు సైక్లోఫాస్ఫమైడ్‌నీ మైకోఫెనొలేట్‌నీ పోల్చి చూసి, రెండూ దాదాపు సమానంగా పనిచేశాయని 2016లో రాశారు. అంటే పేదింటి అమ్మాయికి కూడా కిడ్నీ కాపాడుకునే దారి చేతికందే ధరలో ఉంది. ఆ దారిలోకి సమయానికి రావడమే మిగిలింది.

సమయానికి రావాలంటే ఎవరో ఒకరు అనుమానించాలి. ఆర్‌ఎంపీలను తీసేస్తే సరిపోతుందని పట్నంలో ఉన్నవాళ్లు తేలిగ్గా అంటారు. 2022 జులై వరదల్లో లంక ఊళ్లకు పడవ మీద వెళ్లి సెలైన్ పెట్టింది వాళ్లే, నేను చూశాను. నేను వాళ్లతో గొడవ పడను. ఒక్కటే అడుగుతున్నాను. ఆడపిల్లకి ఆరు వారాలు దాటి కీళ్లు నొప్పులంటే పొట్లం కట్టే ముందు మూత్రం చూడండి. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంలు గర్భిణులకు మూత్రంలో ఆల్బుమిన్ ఎప్పటి నుంచో చూస్తున్నారు. అదే స్ట్రిప్, అదే చెయ్యి. రెండు కాళ్లూ వాచిన అమ్మాయికి బోదకాలు పరీక్షతో పాటు అది కూడా చేయమని ఒక్క ఆదేశం చాలు. ఏఎన్‌ఏ ముందే చేయించమని నేను అనను, అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది, అనవసరంగా టెన్షన్ పెడుతుంది. మూత్రం స్ట్రిప్‌కి ఆ బాధ తక్కువ.

నా షాపులో డెక్సా విడిగా అమ్మడం 2014లోనే మానేశాను. కౌంటర్ మీద స్ట్రిప్పుల డబ్బా ఉంచాను. షాపులో ఇప్పుడు మా ఆవిడ కూడా కూర్చుంటుంది, అమ్మాయిలు తనతో మాట్లాడతారు. పోయిన వర్షాకాలంలో ఒక పిల్ల వాళ్లమ్మతో వచ్చింది. “వేడి చేసిందండి, నోట్లో పుళ్లు” అంది వాళ్లమ్మ. మా ఆవిడ ఆ పిల్లని పక్కకి తీసుకెళ్లి అడిగింది. ఇప్పుడా పిల్ల హైదరాబాద్‌లో మందు వాడుతోంది. కిడ్నీ ఇంకా దెబ్బతినలేదు.

చెల్లిని ఆ సోమవారమే డాక్టరుకి చూపించి హెచ్‌సీక్యూ మళ్లీ మొదలుపెట్టించాం. కాకినాడలో ఓసీటీ తీయించాం, రెండు కళ్లూ బాగున్నాయి. బరువు 52 కిలోలు, బిళ్ల మోతాదు దానికి తగ్గట్టే ఉంది. స్టెరాయిడ్ ఇప్పుడు 5 మిల్లీగ్రాములు. మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి 0.3 వచ్చింది. పోయినసారి 0.15 ఉండేది. 0.5 దాటితే మళ్లీ బయాప్సీ ఆలోచించాలన్నారు డాక్టరు గారు. నెల తర్వాత మళ్లీ చూడాలి. బావగారు తోట బేరం మానేశారు. ఆ నెల కాయ దింపు డబ్బుల్లోంచి మూడు నెలలకు సరిపడా స్ట్రిప్పులు కొని, క్యాలెండర్ పక్కన మేకుకి సంచిలో తగిలించారు.